నేల మీద నుంచి నేనే లేచాను

ఆ ఉదయం కుట్టుమిషన్ పెడల్ మీద పాదం పెడితే దూది మీద పెట్టినట్టుంది. ఇనుము చల్లగా తగలాలి. తగల్లేదు.

నా పేరు మస్తానమ్మ. అప్పటికి నలభై ఏడేళ్లు. చీరాలలో మా ఇంటి ముందుగదిలోనే జాకెట్లు కుడతాను. అంతకు పదిహేను రోజుల ముందు విరేచనాలూ జ్వరమూ వచ్చి తగ్గాయి. ఆ నీరసమే అనుకున్నాను. సాయంత్రానికి రెండు అరికాళ్లలోనూ తిమ్మిరి మొదలైంది. మర్నాడు అది మోకాళ్ల దాకా పాకింది. మూడోరోజు గడప దాటబోతే కాళ్లు మడతపడిపోయాయి.

మా ఆయన ఖాసిం మిర్చి లోడుతో గుంటూరు వెళ్లి ఉన్నారు. ఆయన అక్క కరీంబీ వదిన మా పక్కవీధిలోనే ఉంటుంది. కేక విని పరుగెత్తుకొచ్చింది.

"ఇది నీరసం కాదమ్మాయ్, ఇంకేందో ఉంది. పోదాం పద" అంది.

లేవలేకపోయాను. నలుగురు ఎత్తి కారులో కూర్చోబెట్టారు. గుంటూరు దారి పొడుగునా పొలాల్లో ఎండుమిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎర్రగా, మెత్తగా, అంతులేకుండా. నా కాళ్లు ఆ పొలాల్లో ఎక్కడో జారిపోయినట్టూ, నేను లేకుండానే కారు ముందుకు పోతున్నట్టూ అనిపించింది.

ఆసుపత్రిలో డాక్టరుగారు చిన్న సుత్తితో మోకాలి మీద తట్టారు. కాలు ఎగరలేదు. "రిఫ్లెక్సెస్ లేవు" అని పక్కనున్న జూనియర్‌తో అన్నారు. నరాలు ఎంత పనిచేస్తున్నాయో చూడటానికి నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. వెన్నులోంచి నీరు తీశారు. సాయంత్రం మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పారు.

"దీన్ని జీబీఎస్ అంటామమ్మా. జబ్బుతో పోరాడాల్సిన మీ ఒంటి శక్తే పొరపాటున నరాల మీద పడింది. ఎక్కువమంది కోలుకుంటారు. కాకపోతే టైం పడుతుంది."

"మళ్లీ మిషన్ తొక్కుతానా సార్?"

"ముందు ఊపిరి సంగతి చూద్దామమ్మా."

ఐవీఐజీ అనే మందు ఐదు రోజులు ఎక్కించాలన్నారు. రెండోరోజే మింగుడు పడటం మానేసింది. మాట ముద్దయింది. ఊపిరి అందలేదు. వెంటిలేటర్ పెట్టారు.

ఆ పదకొండు రోజులు నాకు రోజుల్లా గుర్తులేవు. తెల్లటి పత్తిచేను ఒకటి కనిపించేది. కాయలు పగిలి దూది గాల్లోకి లేచి, కిందికి దిగకుండా అక్కడే తేలుతుండేది. ఎప్పుడో చనిపోయిన మా అమ్మ మంచం అంచున కూర్చుని టేపుతో నా భుజం కొలిచేది. కొలత చెప్పేది కాదు. దూరంగా, నీళ్లలోంచి వచ్చినట్టు సిస్టర్ గొంతు: "మస్తానమ్మగారూ, కళ్లు తెరవండి." భయం వేయలేదు. ఇప్పుడు తలుచుకుంటేనే భయం.

కళ్లు తెరిచిన మూడోరోజు కుడిచేతి బొటనవేలు కదిలింది. నాకు తెలియలేదు. వదిన చూసింది.

"సిస్టరమ్మా! కదిలిందమ్మా! మా మస్తానమ్మ వేలు కదిలింది!"

ఐసీయూ బయట కూర్చున్న వాళ్లందరికీ బిస్కెట్లు పంచిపెట్టిందట. గొంతులో ట్యూబు ఉండి నేను మాట్లాడలేను గానీ, సిగ్గుతో చచ్చిపోయాను. ఊళ్లో వాళ్ల పెళ్లిళ్లకీ ఓణీ ఫంక్షన్లకీ ఇరవై ఏళ్లుగా కుట్టిచ్చిన మనిషిని. నాకు ఒక వేలు కదిలితే పండగా? కానీ వదిన వెళ్లిపోయాక, ఎవరూ చూడనప్పుడు, ఇంకోసారి కదిలించి చూసుకున్నాను.

తర్వాత ట్యూబు తీశారు. రెండు చెంచాల జావ మింగాను. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చున్నాను. ప్రతిదానికీ వదిన ఎవరో ఒకరి నోరు తీపి చేసింది. నేను మాత్రం నడిచాకే సంతోషపడదామనుకున్నాను.

చక్రాల కుర్చీలో ఇంటికొచ్చాను. శ్రావణి అనే ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి రోజు మార్చి రోజు వచ్చేది. నాలుగు నెలలకు వాకర్ పట్టుకుని గది దాటాను. ఆ వారమే పడ్డాను. మధ్యాహ్నం, వంటింటి తలుపు దగ్గర. ఇంట్లో ఎవరూ లేరు. సాయంత్రం చూడవచ్చిన బంధువొకామె "పోనీలే, ప్రాణం దక్కింది, అదే చాలు" అంది. మంచి మనసుతోనే అంది. ఆ "చాలు" నా గుండెల్లో దిగింది. మర్నాటి నుంచి వ్యాయామం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాను.

"ఏమైంది ఆంటీ?" అంది శ్రావణి.

"పడ్డాను. ఇక నావల్ల కాదు తల్లీ."

"పడితే ఎవరు లేపారు?"

"ఎవరున్నారు లేపడానికి? బోర్లా తిరిగి, మోకాళ్ల మీద పాక్కుంటూ స్టూలు దాకా పోయి, దాన్ని పట్టుకుని లేచాను."

శ్రావణి నోరు తెరుచుకుని చూసింది. "నేల మీద నుంచి లేవడం నేనింకా మీకు నేర్పనేలేదు ఆంటీ! అది వచ్చే నెల పాఠం!"

గుమ్మంలో నిలబడ్డ మా ఆయన ముఖం తిప్పుకుని కండువాతో కళ్లు తుడుచుకున్నారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ పడటమే లెక్కపెట్టుకున్నాను. లేవడం నా కళ్లముందే జరిగినా చూసుకోలేదు.

"వదినా, సేమ్యా ఉందా ఇంట్లో?" అని వంటింట్లో ఉన్న వదినను కేకేశాను.

"ఎందుకే?"

"పాయసం చెయ్. ఇవాళ నా పండగ."

ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఎడమ పాదం ఇంకా కాస్త ఈడుస్తాను. మిషన్‌కి మోటారు పెట్టించాను, సగం పనే ఒప్పుకుంటున్నాను. బటన్ పెట్టుకున్న రోజు, సూదిలో దారం ఎక్కించిన రోజు, మెట్లెక్కి మేడ మీద బట్టలారేసిన రోజు, అన్నీ ఇంట్లో చెప్పి మరీ సంబరపడ్డాను. మొన్న వదినా నేనూ సముద్రానికి వెళ్లాం. చెప్పులు విప్పి తడి ఇసుకలో నిలబడ్డాను. అల వెనక్కి పోతుంటే ఎడమ అరికాలి కింద నుంచి ఇసుక జారిపోవడం తెలిసింది. కళ్లు మూసుకుని ఇంకో అల కోసం నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వదిన తొందరపెట్టలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా కోలుకుంటుంటే, "ఇంకా నడవట్లేదా?" అని అడక్కండి. "ఇవాళ కొత్తగా ఏం చేశావు?" అని అడగండి. వెంటనే "ఏమీ లేదు" అంటారు. లేచి వెళ్లిపోకండి. ఇంకాసేపు కూర్చోండి, చెప్తారు.