పోతున్న, పోయొస్త

కుర్చీలు విసిరేవాళ్ళ ఎదుట నిలబడి, "కూర్చోండి, మాట్లాడుకుందాం" అని నెమ్మదిగా అనగలిగిన మనిషి నాగమల్లేశ్వరి. పదకొండేళ్ళుగా మానసిక రోగుల వార్డులో నర్సు. అలాంటి మనిషి ఒక పరీక్షకు భయపడింది. మామూలు భయం కాదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోయేది. స్నానానికి వెళ్ళి షాంపూ రెండుసార్లు రుద్దుకుని వచ్చేది. నలభై నాలుగేళ్ళ వయసులో, కాలేజీకి వెళ్ళే కూతురుండగా, ఇదేం ఖర్మ అని తనను తానే తిట్టుకునేది.

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళందరికీ ఆవిడ తెలుసు. పుట్టింది చీరాలలో. అమెరికాలో నర్సులు దొరకని రోజుల్లో వచ్చి ఇక్కడ స్థిరపడింది. భర్త లక్ష్మీపతి కార్ల కంపెనీలో ఇంజనీరు. మీ ఆవిడ ఏ వార్డులో చేస్తారండీ అని ఎవరైనా అడిగితే ఆయన "జనరల్" అని చెప్పి మాట మార్చేసేవాడు. పిచ్చి అన్న మాట ఇంటి దరిదాపులకు రావడం ఆయనకు ఇష్టం లేదు. కానీ భార్య నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పూర్తి చేసేసరికి ఆయన ఛాతీ పొంగిపోయింది. ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నప్పుడు వచ్చినవాళ్ళందరికీ ప్రసాదంతో పాటు ఆ కబురు కూడా పంచాడు.

"ఇక మందులు రాసేది మా ఆవిడే. ఆల్మోస్ట్ డాక్టరే అనుకోండి."

ఆ ఆల్మోస్ట్ దగ్గరే వచ్చింది చిక్కంతా. చివర్లో కంప్యూటర్ ముందు కూర్చుని రాయాల్సిన సర్టిఫికేషన్ పరీక్ష ఒకటుంది. అది పాసైతేనే మందులు రాసే హక్కు. మొదటిసారి మల్లేశ్వరి అది తప్పింది. ఆ తర్వాత రెండు నెలలు ఇండియన్ స్టోర్‌కి కూడా వెళ్ళలేదు. "ఏమైందండీ మీ పరీక్ష" అని బెండకాయలు ఏరుకుంటూ ఎవరైనా అడుగుతారని భయం. ఇప్పుడు రెండోసారి. ఈసారి కూడా తప్పితే మళ్ళీ రాసే గుండె తనకు లేదని ఆవిడకు తెలుసు. ఆ తెలియడమే ఇంకా భయం.

చదివిన ముక్క చదివినట్టే జారిపోతుంటే, ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు ఉన్న కార్డులు పట్టుకుని ప్రశ్నలు అడిగే మనిషి ఉంటే బాగుండుననిపించింది. లక్ష్మీపతిని అడిగితే, ప్రశ్న చదవకుండానే కార్డు తిప్పి జవాబు చూసి, "ఇది కూడా తెలీదా" అనేవాడు. రెండు రోజులకే ఆయనను ఆ ఉద్యోగం నుంచి తీసేసింది.

అప్పుడు వచ్చింది ఉజ్వల. వరంగల్ పిల్ల, ముప్ఫై దాటలేదు. భర్త కౌశిక్ సోమవారం విమానం ఎక్కి క్లయింట్ దగ్గరికి పోతే గురువారం రాత్రికి గానీ రాడు. ఉజ్వల మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసింది గానీ ఆమె వీసాకి ఇక్కడ ఉద్యోగం చేసే వీలు లేదు. అంతకు ముందు ఏడాది ఐదో నెల కడుపు పోయింది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. మర్చిపోవాలంటే ఎత్తకూడదు కదా అని మన లెక్క.

"ఖాళీగనే ఉంటున్న అక్కా. నేను అడుగుత, మీరు చెప్పుండ్రి," అంది. అలా రోజు విడిచి రోజు వచ్చేది. పది నిమిషాల డ్రైవ్. కార్డుల కట్ట పట్టుకుని సోఫా మీద మఠం వేసుకుని కూర్చుంటే ఆమె గొంతులో ఒక లెక్చరర్ పలికేది.

ఇద్దరికీ ఒక సరదా ఉండేది. పరిచయమైన కొత్తలో ఉజ్వల, "మా ఆయన పోయిండక్కా, గురువారం వస్తడు" అంటే మల్లేశ్వరి చెవులు మూసుకుంది. "అమ్మా, తల్లీ, మా వైపు పోయాడంటే ఇక రాడని అర్థం. వెళ్ళాడు అనవే." ఉజ్వల పడీపడీ నవ్వింది. "మా దిక్కు అందరు పోతరు, అందరు వస్తరు" అంది. అప్పటి నుంచి ఇంటికి బయల్దేరినప్పుడల్లా గుమ్మంలో నిలబడి, చివరి అక్షరం సాగదీసి, "పోయొస్తాఆ అక్కా" అని ఆటపట్టించేది. పోయి రావడం ఉంది కదా, మీకేం భయం లేదు అన్నట్టు.

ఒక మధ్యాహ్నం ఆ కార్డు వచ్చింది. ఉజ్వల చదివింది. కొన్ని వారాలుగా దిగులుగా ఉన్న పేషెంట్ ఒక్కసారిగా ప్రశాంతంగా కనిపిస్తున్నాడు, తనకు ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేస్తున్నాడు, మొదట ఏం చేయాలి?

"ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా అడగాలి," అంది మల్లేశ్వరి. ఇలాంటివి ఆవిడకు నల్లేరు మీద నడక. భయపెట్టేవి మందుల మోతాదులు.

ఉజ్వల కార్డు తిప్పి చూసింది, కానీ పక్కన పెట్టలేదు. "గట్ల అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా అక్కా?"

"కాదు. అడిగితే వాళ్ళకు బరువు దిగుతుంది. వార్డులో రోజూ అడుగుతాను, బీపీ చూసినట్టే."

"తెలుగుల ఎట్ల అడుగుతరు?"

మల్లేశ్వరి నవ్వేసింది. "తెలుగులో ఎవరడుగుతారే? అలాంటి మాట ఇంట్లో అంటే మా అమ్మ చెంప పగలగొట్టేది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, ఎప్పుడు తథాస్తు అంటారో తెలీదు. నెక్స్ట్ కార్డ్ తియ్యి."

ఉజ్వల నెక్స్ట్ కార్డ్ తీసింది. ఆ తర్వాత కూడా ఆ కార్డు నాలుగైదుసార్లు తిరిగి తిరిగి వచ్చింది. ప్రతిసారీ మల్లేశ్వరి ఠక్కున జవాబు చెప్పింది. ఈ ఒక్కటైనా తప్పనని సంతోషపడింది కూడా.

పరీక్షకు ముందు రోజు లక్ష్మీపతి సెలవు పెట్టి వంట తన మీద వేసుకున్నాడు. వంటింట్లోంచి మాడు వాసన వస్తున్నా మల్లేశ్వరికి తెలియడం లేదు. డైనింగ్ టేబుల్ మీద పుస్తకాలు పరుచుకుని, చెమట పట్టిన చేతులను చీటికీ మాటికీ చున్నీకి తుడుచుకుంటోంది. లిథియం మందు రక్తంలో ఎంత దాటితే విషం? నిన్న తెలుసు, ఇవాళ తెలీదు.

అప్పుడు ఉజ్వల వచ్చింది. తలంటుకుని జడ వేసుకుంది. ఎన్నాళ్ళకో మొహం తేటగా ఉంది. చేతిలో కరివేపాకు కుండీ. మిషిగన్ చలిలో మూడేళ్ళు కిటికీ దగ్గర పెట్టి, రాత్రుళ్ళు దుప్పటి కప్పి బతికించుకున్న మొక్క అది. ఒక రెమ్మ కావాలంటే కూడా లెక్కపెట్టి తుంచేది.

"మీ ఇంట్ల ఎండ మంచిగ పడతది అక్కా. ఇది మీ దగ్గర్నే ఉండనీ."

"అయ్యో, నీ ప్రాణమే ఇది!" అంటూనే మల్లేశ్వరి కుండీ అందుకుంది. పరీక్ష ముందు రోజు పచ్చని మొక్క ఇంట్లోకి రావడం మంచి శకునమని మనసు కాస్త కుదుటపడింది. అంతలోనే మళ్ళీ లిథియం గుర్తొచ్చి కళ్ళు పుస్తకం వైపు పోయాయి. ఉజ్వల అది గమనించి నవ్వింది.

"మంచిగ రాయుండ్రి. మీకు తప్పక వస్తది. పోతున్న అక్కా."

"ఊఁ, సరేనమ్మా," అంది మల్లేశ్వరి, తల ఎత్తకుండా.

తలుపు మూసుకుంది. కాసేపటికి లక్ష్మీపతి గరిటెతో బయటికి వచ్చాడు. "ఉజ్వల వెళ్ళిపోయిందా? పప్పు రుచి చూపిద్దామనుకున్నా."

"ఆఁ, పోతున్న అక్కా అని పోయింది," అంది మల్లేశ్వరి, ఉజ్వల యాసను అనుకరిస్తూ.

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక తన చెవికి వినిపించింది.

వాళ్ళ వైపు అలాగే అంటారులే అనుకుంది ముందు. ఇన్నాళ్ళూ ఆ మాటనే కదా తాను వెక్కిరించింది. కానీ ఉజ్వల ఎన్నడూ గుమ్మంలో పోతున్న అనలేదు. వాళ్ళ వైపైనా, మన వైపైనా, గుమ్మం దగ్గర ఆ మాట ఒంటరిగా అనరు. పోయొస్త అంటారు. రావడం లేకుండా పోవడం ఏ ఇంట్లోనూ చెప్పరు. మల్లేశ్వరి కిటికీలో ఉన్న కుండీ వైపు చూసింది. జడ గుర్తొచ్చింది. తేటపడిన మొహం గుర్తొచ్చింది. వారాలుగా దిగులు, ఒక్కసారిగా ప్రశాంతం, ఇష్టమైన వస్తువు. అన్నిసార్లు జవాబు చెప్పిన కార్డు అచ్చంగా తన ఇంట్లో నిలబడి మాట్లాడి వెళ్ళింది, తాను తల కూడా ఎత్తలేదు.

ఉజ్వలకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. చెప్పులు ఒకటి తనది, ఒకటి కూతురిది వేసుకుని కారెక్కింది. "ఎక్కడికే, రేపు పరీక్ష" అని లక్ష్మీపతి అరుస్తున్నాడు.

ఆ పది నిమిషాల్లో పడినంత భయం మల్లేశ్వరి బతుకులో ఎన్నడూ ఎరగదు. ప్రతి రెడ్ లైటూ తన కోసమే పడుతున్నట్టుంది. దారిపొడుగునా ఆ ప్రశ్నను తెలుగులో కూర్చుకోవాలని చూసింది. వాక్యం కుదరలేదు. "ఏమైనా పిచ్చి పని" అని మొదలుపెట్టి ఆపింది. అలా అడిగితే ఎవరైనా లేదనే చెబుతారు. "ఏమీ లేదు కదా" అంటే ఏమీ లేదనే అంటారు. ఇంగ్లీషులో అడుగుదామా అనుకుంది. ఇంగ్లీషులో అడిగితే నర్సు అడిగినట్టుంటుంది, పిల్ల నర్సుకు జవాబు చెబుతుంది. అది చాలదు.

ఉజ్వల తలుపు తీసింది. బతికే ఉంది. మల్లేశ్వరికి అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఇల్లు అద్దంలా తుడిచి ఉంది. స్టవ్ మెరుస్తోంది. కౌశిక్ చొక్కాలు ఇస్త్రీ చేసి వరసగా మడతపెట్టి ఉన్నాయి.

"ఏందక్కా, చదువుకోకుంట వచ్చిండ్రు?"

సాయంసంధ్య కూడా కాదు, ఐనా పైన ఎవరో తిరుగుతున్నట్టే ఉంది. తథాస్తు అంటారేమోనని భయం వేసింది. ఐనా మల్లేశ్వరి ఉజ్వల రెండు చేతులూ పట్టుకుంది.

"ఉజ్వలా, చచ్చిపోదామనుకుంటున్నావా?"

పైనుంచి ఏ దేవతా ఏమీ అనలేదు. ఉజ్వల మొహంలో తేటదనం మెల్లగా చెదిరిపోయింది, దాని కింద ఇన్నాళ్ళూ ఉన్న మొహం బయటికి వచ్చింది.

"అవునక్కా."

"ఇవాళేనా?"

తల ఊపింది. ఆమె చూపు బాత్‌రూం తలుపు మీదికి పోయి తిరిగి వచ్చింది. మల్లేశ్వరి చేతులు వదల్లేదు. ఒక చేత్తో అలా పట్టుకునే, రెండో చేత్తో కౌశిక్‌కి ఫోన్ చేసింది, ఏం జరిగిందో అతనికి కూడా డొంకతిరుగుడు లేకుండా చెప్పింది. ఆ తర్వాత ఇద్దరూ కారులో ఆసుపత్రికి బయల్దేరారు. సీట్ బెల్ట్ కూడా తనే పెట్టింది, చంటిపిల్లకు పెట్టినట్టు.

దారిలో ఉజ్వల కిటికీ బయటికి చూస్తూ అంది. "ఆ కార్డు వచ్చినప్పుడల్లా మీ మొఖం చూసేదాన్ని అక్కా. జవాబు చెప్పినంక, నన్ను అడుగుతరేమో అని."

రోడ్డు మసకబడిపోతే మల్లేశ్వరి పక్కకు ఆపి కళ్ళు తుడుచుకుని మళ్ళీ నడిపింది.

మర్నాడు పరీక్ష వేళకు ఆవిడ ఎమర్జెన్సీ వార్డు బయట కుర్చీలో కూర్చుని, విమానం దిగి వచ్చిన కౌశిక్‌కి కాఫీ తెచ్చి ఇస్తోంది. ఆ పరీక్ష సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే మీ ప్రాణం కొట్టుకుంటుంది. రెండు నెలల తర్వాత రాసింది, పాసైంది. లక్ష్మీపతి మళ్ళీ వ్రతం పెట్టాడు. ఈసారి ఎవరో ఏ వార్డు అని అడిగితే, గొంతు సవరించుకుని "సైకియాట్రీ" అని చెప్పాడు.

నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆమె పాసైన ఆ పరీక్షకు ముందు వారం జరిగింది. ఉజ్వల ఆసుపత్రి నుంచి వచ్చి, మందులు వేసుకుంటూ, కౌన్సెలింగ్‌కి వెళ్తూ, మళ్ళీ కార్డులు పట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ కార్డు వచ్చింది. ఇద్దరూ నవ్వలేదు, దాటెయ్యనూ లేదు. సాయంత్రమైంది. ఉజ్వల గుమ్మంలో చెప్పులు వేసుకుని వెనక్కి తిరిగింది. ఏ మాట వస్తుందో అని మల్లేశ్వరికి ఇప్పటికీ అదే భయం.

"పోయొస్త అక్కా," అంది ఉజ్వల, మునుపటిలాగే సాగదీసి.

ఇంకొకరైతే అక్కడితో గుండె మీద చెయ్యి వేసుకుని తలుపు వేసుకునేవారు. మాట మంచిదే వచ్చింది కదా. కానీ మంచి మాటలు అనడం ఎవరికైనా వచ్చు. అసురసంధ్య వేళ, గడప మీద నిలబడి, ఆ భయంతోనే మల్లేశ్వరి అడిగింది.

"చచ్చిపోవాలని ఉందా?"

ఉజ్వల కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"ఇయ్యాల లేదక్కా. నిన్న జరసేపు వచ్చింది."

మల్లేశ్వరి తలుపు ఇంకాస్త తెరిచింది. "లోపలికి రా. అన్నం తిని పోదువుగాని," అంది.