ఎవరు పంచినా తొమ్మిదే

మా దగ్గర పేకముక్కల్ని పత్తాలంటారు. మా ఇంట్లో మాత్రం ఆ మాట బూతుతో సమానం. ఎయిర్‌పోర్టు వచ్చి మామిడిపల్లి చుట్టూ భూముల ధరలు లేచినప్పుడు మా బాపు ఉన్న చెలక అమ్మేశాడు. వచ్చిన సొమ్మంతా పత్తాల మీద పెట్టాడు. కొన్నాళ్లకు చెలకా లేదు, సొమ్మూ లేదు, ఆఖరికి బాపూ లేడు. మా అమ్మ భారతమ్మ రోడ్డు పక్కన సీతాఫలాలు, జామకాయలు అమ్మి నన్ను సాకింది. కాయల కాలం కానప్పుడు కాటేదాన్‌కు ప్యాకింగ్ పనికి పోయేది.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను పత్తాలతోనే చదువు నేర్చుకున్నాను. నవ్వకండి, ఒట్టు!

నేర్పింది యేసుమణి టీచర్. టీచర్ అని మేం పిలిచేవాళ్లం గానీ ఆమె ఏ బడిలోనూ పని చేయలేదు. ఎయిర్‌పోర్టులో దిగిన విమానాలు ఊడ్చి, సీట్లు తుడిచే పని ఆమెది. మా వెనక గల్లీలో కిరాయికి ఉండేది. సాయంత్రం డ్యూటీ దిగొచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా వాకిట్లో చాప పరిచి మమ్మల్ని కూర్చోబెట్టేది. ఆ ఫినాయిల్ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు ఆ చాపే గుర్తొస్తుంది.

ప్రయాణికులు సీట్ల సందుల్లో వదిలేసిన పత్తాలు ఎలాగూ చెత్తలోకి పోయేవే. సూపర్‌వైజర్‌ను అడిగి వాటిని తెచ్చుకునేది. ఒకదాని వెనక నీలం గళ్లు, ఇంకోదాని వెనక ఎర్ర పూలు, మరోదాని మీద ఏ దేశానిదో విమానం బొమ్మ. ఏ జతకూ చెందని ముక్కలన్నీ కలిస్తే ఆమె కట్ట. వెనకవైపు చూస్తే ఏ ముక్క ఏదో ఇట్టే తెలిసిపోదూ? "టీచర్ దొంగసూపు సూస్తుంది!" అని మేం గోల చేసేవాళ్లం. అందుకని ఆమె గోడవైపు తిరిగి కూర్చుని, ఇంగ్లీషులో హుకుం జారీ చేసేది. "కౌంట్! వన్ బై వన్! టర్న్ ఓవర్!" ముక్కలు మా చేతుల్లో ఉండేవి. మాట అర్థం కాకపోయినా, లెక్క ఒక్కటి తప్పినా మ్యాజిక్ మట్టిలో కలిసేది. నెత్తి మీంచి విమానం పోతే ఏమీ వినపడదు కదా, అది దాటేదాకా ముక్క చేతిలో పట్టుకుని అలాగే ఆగేవాళ్లం.

"మ్యాజిక్ నా తాన లేదురా, మీ చేతులల్లనే ఉంది" అనేది. కిటుకు ఆమె చెప్పదు. మేమే పట్టుకోవాలి, పట్టుకున్నది ఇంగ్లీషులో చెప్పాలి. తప్పులు పోతే పోనీ. బళ్లో ఎన్నేళ్లయినా బుర్రకెక్కని తీసివేత నాకు "టేక్ అవే" అంటూ ఆ చాప మీదే ఎక్కింది. చర్చి పెద్దాయన ఒకరు పత్తాలేమిటని కోప్పడితే, "మీ మనుమడికి ఎక్కాలొచ్చినయా లేదా, గది చెప్పుండ్రి" అందట. వచ్చాయి మరి.

మా అమ్మ మాత్రం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. నాకప్పుడు పన్నెండేళ్లు. ఒకరోజు అమ్మ నా పుస్తకాల సంచి దులుపుతుంటే అందులోంచి ఒక ముక్క జారిపడింది.

"ఏందే ఇది? నా ఇంట్ల మల్ల పత్తాలా!"

నా రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ టీచర్ వాకిట్లో నిలబెట్టింది. చాప మీద పిల్లలంతా బిక్కచచ్చిపోయారు.

"సదువు చెప్తున్నవనుకుంటే జూదం నేర్పుతున్నవా టీచరమ్మా? రేపటిసంది ఇది ఈడికి రాదు, బడికీ పోదు. నాతోని కాటేదాన్ వస్తది. పని నేర్చుకుంటే ఎవ్వల మోచేతి నీళ్లు తాగే గతి పట్టదు."

అమ్మ అన్నదంటే చేసి తీరుతుంది.

"జర కూసో అక్కా" అంది టీచర్. "ఒక్కసారి నువ్వే పంచు. నేను గోడదిక్కు మల్లుతా. పత్తా తప్పొస్తే బిడ్డను తీస్కపో, నేను ఈ చాప మడుస్త."

"నేను పత్తాలు ముట్ట."

"ముట్టకుంట మోసమున్నదో లేదో నీకెట్ల తెలుస్తది?"

ఆ మాటకు అమ్మ కూలబడింది. టీచర్ కట్టను ఒకసారి చూసుకుని అమ్మ ముందు పెట్టి గోడవైపు తిరిగింది. ఇంక తెలుగు లేదు. ఆమె చెప్పింది అమ్మకు నేనే చెప్పాలి. తప్పు చెప్పానా, నా చదువు అక్కడికి సరి!

పదికీ పంతొమ్మిదికీ మధ్య ఒక అంకె అనుకోమంది టీచర్. అమ్మ నా చెవిలో, "పన్నెండు. నీకెన్నేండ్లో గన్ని" అంది.

"కౌంట్. వన్ బై వన్."

అమ్మ బల్లిని పట్టుకున్నట్టు కొసవేళ్లతో మొదటి ముక్క తీసి కింద పెట్టింది. "లాభం" అంది.

అని ఆగిపోయింది. కాయలు ఎంచేవాళ్లు, ధాన్యం కొలిచేవాళ్లు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. అమ్మ పుట్టి బుద్ధెరిగి మరోలా ఎంచింది లేదు. ఇల్లు ముంచిన పత్తాల మీద ఆ మాట తన నోటితోనే వచ్చేసరికి ఆమె చేయి వెనక్కి తీసుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని, "రెండు... మూడు..." అంటూ పన్నెండు దాకా పంచింది.

"యాడ్ ద టూ డిజిట్స్." అమ్మకు అంకెలు రాయడం రాదు. నేనే కూడాలి. ఒకటీ రెండూ మూడు. "పంచిన కుప్ప చేతుల వట్టుకో అమ్మా. పైనుంచి మూడు తీసి పక్కన పెట్టు. దాని తర్వాతది తిప్పు." సరిగ్గా అప్పుడే నెత్తి మీద విమానం! అది ఎంతకీ పోదే! అందరం అమ్మ చేతికేసి చూస్తూ ఆగాం.

చప్పుడు తగ్గాక గోడవైపునుంచి టీచర్ అంది: "ఫోర్ ఆఫ్ క్లబ్స్."

అమ్మ ముక్క తిప్పింది. ఆమెకు అక్షరాలు రావు గానీ, బాపు పుణ్యమా అని పత్తాలు గుర్తే. "కళావర్ నాలుగు" అని గొణిగింది. "ఎట్లొచ్చింది?"

"నీ బిడ్డ చెప్తది అక్కా. ఈడ గదే పద్ధతి."

ముందు వచ్చీరాని ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చెప్పాను. పది మొదలు పంతొమ్మిది దాకా ఏ అంకెలోంచైనా దాని రెండంకెల మొత్తం తీసేస్తే మిగిలేది తొమ్మిదే. పైనుంచి తొమ్మిదో ముక్క ఏదో టీచర్ ముందే చూసుకుంది, అంతే. అమ్మ నన్ను తీసుకుని ఇంటికొచ్చేసింది.

తెల్లారి సీతాఫలాల బుట్ట ముందు నన్ను కూర్చోబెట్టింది. పదిహేను కాయలు ఎంచింది. "కూడితే ఎంతే?" "ఆరు." ఆరు తీసింది. తొమ్మిది. పద్దెనిమిది పెట్టింది. తొమ్మిది. పంతొమ్మిది పెట్టింది. మళ్లీ తొమ్మిదే. బేరానికొచ్చినాయన విసుక్కున్నాడు: "అమ్ముతవా, ఆడుకుంటవా?"

"ఆగు! నా బిడ్డ బతుకు లెక్క సూస్తున్న" అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "మీ బాపు ఆటల ఏమొస్తదో ఎవ్వలికి ఎర్కలేదు. గిండ్ల ఎవలు పంచినా తొమ్మిదే. ఇది జూదం గాదు. లే, బడికి పో." మాగిన కాయలు ఏరి టీచర్‌కు ఇమ్మని నా సంచిలో వేసింది.

ఇప్పుడు నేను అదే ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులిస్తాను. ప్రయాణికుల సామాన్లు పైకి "వన్, టూ" అని ఎంచుతాను. లోపల మాత్రం మొదటిది లాభమే. డ్యూటీ దిగి ఆ గల్లీ మీదుగా పోతుంటే చాప పరిచి ఉందేమోనని ఇప్పటికీ తొంగి చూస్తాను, పిచ్చిదాన్ని.

పోయిన వానాకాలం యేసుమణి టీచర్ చనిపోయింది. సమాధి దగ్గర అందరూ తలా మూడు పిడికిళ్ల మన్ను వేస్తున్నారు. అమ్మ వంతు వచ్చింది. వంగి మొదటి పిడికిలి వేసింది.

"లాభం" అంది, అందరికీ వినపడేలా.

పాస్టరుగారు తలెత్తి చూశారు. అమ్మ "రెండు" అంది. మూడోది అనలేకపోయింది, మన్ను చేతిలోనే ఉండిపోయింది. ఆమె ఎందుకలా ఎంచుతోందో అక్కడ చాలామందికి తెలియలేదు. ఆ రోజు ఆ చాప మీద ఉన్నవాళ్లం మాత్రం చిన్నపిల్లల్లా బావురుమన్నాం.