ఎక్కడికీ పోని బండి

టేబర్ క్రీక్ ఊరి చుట్టుపక్కల ఏ బరువైనా ట్రైలర్ ఎక్కి ఊరు దాటాలంటే ముందుగా ఒక సంస్కారం జరగాలి. మొక్కజొన్న కోసే యంత్రమైనా, పాత సోఫా అయినా, కూతురి కాపురానికి పంపే పియానో అయినా మినహాయింపు లేదు. పట్టీలన్నీ బిగించాక ఇంటి మగవాడొకడు ముందుకొచ్చి, సరుకు మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచి, "ఇది ఎక్కడికీ పోదు" అనాలి. ఆ మాట పడందే ఇంజను స్టార్టు చెయ్యరు. పడ్డాక మాత్రం ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. చూస్తే చరిచిన పెద్దమనిషిని శంకించినట్టవుతుంది. ఈ మర్యాద కారణంగానే ఆ నెబ్రాస్కా రోడ్ల పక్క గుంటల్లో సోఫాలు, పరుపులు, ఒకసారైతే ఏకంగా ఒక చేపల పడవ, ప్రశాంతంగా విశ్రాంతి తీసుకుంటూ కనిపించాయి.

ఆర్లిస్ స్క్లెనార్ భర్త లవర్న్ ఈ విద్యలో ఆరితేరినవాడు. సొంత సరుకు లేని రోజుల్లో పక్కింటివాళ్ళ సరుకును చరిచి వచ్చేవాడు. ఆర్లిస్‌కి మాత్రం దాని మీద ఏనాడూ గురి కుదరలేదు. ఆమె ముప్పై ఒక్క సంవత్సరాలు పసుపుపచ్చ స్కూలు బస్సు నడిపిన మనిషి. పొద్దున్నే చలిలో బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి టైర్లు, దీపాలు, అద్దాలు, అత్యవసర ద్వారం ముట్టి చూసుకునేది. సాయంత్రం ఆఖరి సీటు దాకా నడిచి ఎవరైనా నిద్రపోయి మిగిలారేమో చూసేది. ఇక డ్రైవరు తల మీదుండే పెద్ద అద్దం ఒకటుంది. నారింజ తొక్క ఎవరు విసిరారో ఆమె అడిగేది కాదు. బస్సు పక్కకాపి, అద్దంలోకి చూస్తూ కూర్చునేది. అరవై మంది పిల్లల్లో నేరస్థుడు నాలుగు నిమిషాల్లోపు తనంతట తానే చెయ్యెత్తేవాడు. అతి మొండిగా ఆరు నిమిషాలు నిలిచినవాడు తర్వాత పాస్టరయ్యాడు.

నలభయ్యో ఏట ఆమె మోటార్‌సైకిల్ నేర్చుకుంది. ఎందుకని అడిగినవాళ్ళకు, "వెనకాల అరవై మంది లేకుండా నడిపితే ఎలా ఉంటుందో చూద్దామని" అని చెప్పింది. చాలా బాగుందట. అరవై ఏడో ఏట మోకాలు మార్పించుకున్నాక, ఆగినప్పుడు బండిని కాలు మీద ఆపలేకపోయింది. అప్పుడు లవర్న్ ఒక చలికాలమంతా గరాజ్‌లో దూరి, వెనక ఒక చక్రం తీసేసి రెండు పెట్టి, ఎర్ర రంగు పూసి, దాన్ని ట్రైక్ చేసి ఇచ్చాడు. దాన్ని కూడా చరిచాడు. మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, టీవీలో బేస్‌బాల్ ఆట నడుస్తుండగా, వాలుకుర్చీలో ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా వెళ్ళిపోయాడు.

రెండేళ్ళ తర్వాత ఆగస్టులో, లవర్న్ తమ్ముడు డెల్మార్ వంటింట్లో కాఫీ ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ధాన్యం గోదాములో జీవితమంతా గడిపిన మనిషి. ఏ మాటైనా తూకం వేసినట్టు ఆగి ఆగి వదులుతాడు.

"వదినా, ఆ ట్రైక్ నాకమ్మెయ్."

"ఎందుకు, నీకూ మోకాలు పోయిందా?"

"హాస్యం కాదు. బ్లాక్ హిల్స్ మోటార్‌సైకిళ్ళ జాతరకి వెళ్తానంటున్నావ్. మూడొందల యాభై మైళ్ళు. రోజుకి రెండు గంటలకి మించి ట్రైక్ నడపొద్దని డాక్టరు చెప్పాడా లేదా?"

"చెప్పాడు. అందుకే ట్రైలర్ మీద తీసుకెళ్తున్నా."

"అదే నా భయం. దాన్ని కట్టేదెవరు? అన్నయ్య ఉన్నన్నాళ్ళూ సరే. రెండు చక్రాల బండయితే నేనూ కట్టగలను. ఇది ముందు ఒంటికాలు, వెనక ఏనుగు. దారిలో జారిందంటే బండి పోతుంది, వెనకొచ్చేవాడూ పోతాడు. కట్టుకోలేని బండి ఇంట్లో పెట్టుకోవడం దేనికి?"

అతని మాటలో కుళ్ళు లేదని ఆర్లిస్‌కి తెలుసు. ఆ ట్రైక్ మీద ఆశ ఉందనీ తెలుసు. రెండూ ఒకే మనిషిలో హాయిగా కాపురం చేస్తున్నాయి. ఆమె అతని కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది.

"పందెం వేస్తావా? నువ్వూ నాతో రా. మూడు టైర్ల చుట్టూ ట్రైలర్ మీద సుద్దతో గీత గీస్తాను. అక్కడ దించేటప్పుడు ఏ టైరన్నా గీత దాటి వేలెడు పక్కకుంటే బండి నీది."

"లేకపోతే?"

"లేకపోతే ఆ ఊరి మెయిన్ స్ట్రీట్ ఈ చివర్నుంచి ఆ చివరి దాకా నా వెనక సీట్లో కూర్చోవాలి."

డెల్మార్ కప్పు కింద పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఎవరి వెనకా కూర్చోలేదు. పెళ్ళి ఊరేగింపులో కూడా కారు తనే నడిపాడు. అయినా చెయ్యి చాచాడు. చేతులు కలిపాక గానీ ఆర్లిస్‌కి గుండెలో చిన్న బెదురు పుట్టలేదు. ఆ గరాజ్‌లో చలికాలమంతా వినిపించిన సుత్తి చప్పుడు ఆమె పందెంలో పెట్టేసింది.

శనివారం పొద్దున్నే పని మొదలైంది. ముందు పికప్ ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే ఇనప బంతి మీదికి ట్రైలర్ మూతిని దించి, పిన్ను గుచ్చి, రెండు గొలుసులూ అడ్డంగా దాటించి తగిలించింది. మూడు చక్రాలూ పైకెక్కడానికి మూడు పలకలు వేసింది. ట్రైక్‌ను మొదటి గేరులో నత్తలా పైకెక్కించింది. ముందు చక్రం లవర్న్ బిగించిన అడ్డు దుంగకు తగిలేలా ఆపి, దిగి చూసింది. మళ్ళీ ఎక్కి జానెడు వెనక్కి తీసింది. మళ్ళీ దిగింది. దుంగను విప్పి, ఆ జానెడూ వెనక్కి జరిపి బిగించింది.

"వదినా, అది పెళ్ళిచూపులకి కూర్చోలేదు. ఎక్కడుంటే ఏంటి?"

"బరువు మరీ వెనక్కి పడితే ట్రైలర్ తోకాడిస్తుంది. మరీ ముందుకి పడితే పికప్ గొంతుక్కూర్చుంటుంది. ధాన్యం లారీ నువ్వెప్పుడూ నింపలేదా?"

డెల్మార్ పండ్ల గుజ్జు పెట్టిన కొలాచీ బన్ను ఒకటి నోట్లో పెట్టుకున్నాడు.

గేరులో ఉంచి, ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వేసింది. ముందు రెండు పట్టీలు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కింది బిగింపు దగ్గర మెత్తటి ఉచ్చులు వేసి తగిలించింది.

"హ్యాండిల్‌కి వెయ్యొచ్చుగా, దగ్గర్లో ఉంది."

"వంగుతుంది."

"వెనక ఈ మడ్‌గార్డ్ మీంచి?"

"పగుల్తుంది. అది ఫైబరు, నీ తల కాదు."

వెనక రెండు పట్టీలు ఇరుసుకి వేసింది. వెనక టైర్ల మీంచి విడిగా ఇంకో రెండు. నాలుగు మూలల పట్టీలూ ఎదురెదురు దిక్కులకు లాగి, స్ప్రింగు సగం దిగే దాకా, పట్టీని చుట్టుకునే రాచెట్ మరలో కుడికెన్ని పళ్ళు తిప్పిందో ఎడమకీ అన్నే లెక్కపెట్టి బిగించింది. వేలాడే చివరలు గాలికి కొట్టుకోకుండా ముడి వేసింది. అప్పుడు సుద్ద తీసి మూడు టైర్ల చుట్టూ గీసింది. ఆ తర్వాత ప్రతి పట్టీ మీదా, అది రాచెట్ లోపలికి వెళ్ళే చోట, చిన్న అడ్డగీత పెట్టింది.

"అదెందుకు?"

"ఉండనీ."

"ఇది ట్రైలరా, ఆసుపత్రి మంచమా? అన్నయ్య చూస్తే నవ్వి చచ్చేవాడు."

"మీ అన్నయ్య కట్టిన పరుపు ఇంకా ఎనిమిదో మైలురాయి దగ్గరుంది. వెళ్ళేప్పుడు చూపిస్తా."

ఫ్లాస్కు తేవడానికి ఆమె లోపలికెళ్ళింది. తిరిగొచ్చేసరికి డెల్మార్ ట్రైక్ పక్కన ఎంతో వినయంగా నిలబడి ఉన్నాడు. వంశాచారం ప్రకారం సీటు మీద ఒక్కటి చరిచి, "ఇది ఎక్కడికీ పోదు" అన్నాడు. కొంచెం తొందరగా అన్నట్టు ఆమెకనిపించింది.

మొదటి పాతిక మైళ్ళలో సగం కంకర రోడ్డు. తారురోడ్డెక్కిన కాసేపటికి ఆర్లిస్ పికప్‌ను పొద్దుతిరుగుడు చేను పక్కన ఆపింది.

"ఇప్పుడే కదా బయల్దేరాం! నేను చరిచాను కూడా!"

"పాతిక మైళ్ళకి ఒకసారి పట్టీలు సర్దుకుంటాయి. దిగు."

బస్సు చుట్టూ తిరిగినట్టే తిరిగింది. వెనక కుడి సరే. వెనక ఎడమ సరే. ముందుకొచ్చి ఆగిపోయింది. ముందు టైరు సుద్ద గీతను తొక్కి ఎడమకి జరిగి ఉంది. ఎడమ పట్టీ బిగువు లేక గాలికి దడదడలాడుతోంది. ఆమె వేలు పెట్టి కొలిచింది. వేలెడు కాదు, రెండు వేళ్ళు.

డెల్మార్ కూడా చూశాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"రెండు వేళ్ళు," అన్నాడు సన్నగా.

"ఊఁ."

ఆమె వంగి ఎడమ రాచెట్ వైపు చూసింది. ఎంతోసేపు పట్టలేదు. లేచి, వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. డెల్మార్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె తాళం తిప్పలేదు.

"అయితే బండి నీదే. గెలిచావ్," అంది మామూలుగా.

తర్వాత అద్దాన్ని కొంచెం సర్ది, అందులోకి చూస్తూ కూర్చుంది.

అద్దంలో డెల్మార్ ముఖం సగం కనిపిస్తోంది. పొద్దుతిరుగుడు పువ్వులన్నీ కూడా తన వైపే తిరిగి ఉన్నాయని అతనప్పుడే గమనించాడు. ఒక నిమిషం గడిచింది. అతను సీటు బెల్టు సరిచేసుకున్నాడు. రెండో నిమిషంలో చెవులు ఎర్రబడ్డాయి. కింద ఆర్లిస్ ఒడిలో చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అద్దానికి అవి కనబడవు. మూడో నిమిషంలో ఒక పాల ట్యాంకరు పక్కనుంచి పోతూ హారన్ కొట్టింది. దాని డ్రైవరు బహుశా ఒకప్పటి ఆమె బస్సు పిల్లవాడే.

"వదినా."

"ఊఁ."

"నువ్వు ఫ్లాస్కుకి లోపలికెళ్ళినప్పుడు… చరిచే ముందు… అలవాటు కొద్దీ… ఎడమ పట్టీ ఇంకాస్త బిగించా. రెండు పళ్ళు."

ఆమె అద్దంలోకి చూస్తూనే ఉంది.

"మూడు."

"నాలుగు," అంది ఆర్లిస్. "పట్టీ మీది గీత రాచెట్ లోపలికెళ్ళిపోయింది. ఎడమకి అంత లాగితే కంకర మీద ముందు చక్రం ఎడమకి పాకదా? పాకాక ఆ పట్టీయే వదులవదా?"

"గట్టిగా ఉంటే మంచిదనుకున్నా! పందెం కోసం కాదు, ఒట్టు. చెయ్యి ఊరుకోలేదు."

"తెలుసు. పందెం కోసమైతే తెలివిగా చేసేవాడివి."

"మరి తెలిసీ అడగలేదేం? నేను చెప్పకపోతే?"

"ట్రైక్ నీకిచ్చేసి, ఇక్కణ్ణుంచి ఇంటిదాకా తోసుకుంటూ పొమ్మనేదాన్ని."

డెల్మార్ వెనక్కి తిరిగి పాతిక మైళ్ళ రోడ్డు వైపు చూశాడు. తర్వాత దిగి, అడగకుండానే ముందు పట్టీలు రెండూ విప్పాడు. చక్రాన్ని గీతలోకి తెచ్చి మళ్ళీ కట్టారు. ఈసారి ఎడమవైపు అతను, కుడివైపు ఆమె. ప్రార్థనా గీతం పాడినట్టు ఇద్దరూ కలిసి పళ్ళు లెక్కపెట్టారు. అయ్యాక అతని అరచెయ్యి తనంతట తానే పైకి లేచింది. ఆర్లిస్ చూసింది. చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆగిన ప్రతిచోటా ముందు దిగింది డెల్మారే.

జాతర ఊరికి ముప్పై మైళ్ళ ఇవతల ఒక పెట్రోలు బంకు ఉంది. దాని వెనకవైపు గురించి మోటార్‌సైకిల్ జనం ఎవరూ మాట్లాడరు. నడుపుకుంటూ రాకుండా ట్రైలర్ మీద తెచ్చినవాణ్ణి జాతరలో మగవాడిగా లెక్కవేయరు. కాబట్టి వందల మైళ్ళు ట్రైలర్ మీద తెచ్చిన వీరులంతా ఆ బంకు వెనక గుట్టుగా బండ్లు దించుకుని, మొహానికి కాస్త దుమ్ము రాసుకుని ఊళ్ళోకి వెళ్తారు. అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు.

ఆర్లిస్ ట్రైలర్‌ను సరిగ్గా వాళ్ళ మధ్యకు తెచ్చి ఆపి, "సాక్షులు కావాలి!" అని స్కూలు బస్సు గొంతుతో పిలిచింది. నాభి దాకా గడ్డం ఉన్న ఒక మహాకాయుడు తన పలకల చాటు నుంచి భయంభయంగా బయటికొచ్చాడు. సంగతి విని, మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి కళ్ళజోడు తీసి మూడు సుద్ద గీతల్నీ శ్రద్ధగా పరీక్షించాడు.

"వెంట్రుకవాసి కూడా కదల్లేదమ్మా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మావీ కొంచెం కట్టి పెడతారా, తిరుగు ప్రయాణానికి?"

"వచ్చే ఆదివారం పొద్దున ఇక్కడే. సుద్ద మీరే తెచ్చుకోండి."

ట్రైక్ కిందికి దిగింది. ఆర్లిస్ ఎక్కి కూర్చుంది. కొత్త మోకాలు ఒకసారి చాచి, ముడిచి, హ్యాండిల్ పట్టుకుంది. డెల్మార్ నేల చూస్తూ వెనక సీటెక్కాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాల్లో పెట్టి, చివరికి సీటు పక్క కమ్మీ పట్టుకున్నాడు.

"వదినా, మెయిన్ స్ట్రీట్‌లో కాస్త తొందరగా పోనిస్తావు కదూ?"

"స్కూలు బస్సు వేగం," అంది ఆర్లిస్.

ఆమె వెనక్కి తిరిగి, అతని హెల్మెట్ పట్టీని గడ్డం కింద బిగించింది. కుడీ ఎడమా సమంగా ఉన్నాయో లేదో వేలు దూర్చి చూసింది. ఆ తర్వాత, ముప్పై ఏళ్ళుగా వెక్కిరిస్తూ వచ్చిన ఆ ఆచారాన్ని జీవితంలో మొదటిసారి పాటిస్తూ, హెల్మెట్ మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది.

"ఇది ఎక్కడికీ పోదు."