రా ఫైలులో తడిసిన మా బావ

దయ్యాలంటే నాకు ఏ రోజూ నమ్మకం లేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "మా కంబదూరు పక్క దయ్యం బతకలేదప్పా, దానికీ నీళ్ల ట్యాంకరు తోలాల" అని నవ్వించి తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు కూడా నేను చూసింది దయ్యమని చెప్పడం లేదు. ఆ ఫోటోలో ఉన్న మనిషి బతికే ఉన్నాడు. మా బావ. మొన్న ఆదివారం కూడా ఫోన్ చేశాడు.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే ఎవడో బాగా చదివినవాడు కూర్చుని కల్పించాడనుకుంటారు. ఎనిమిదో తరగతిలో నేనూ మా లెక్కల సారూ ఒకరినొకరు భరించలేకపోయాం. ఇద్దరిలో ఒకరు బడి మానాలి. ఆయనకు జీతం వస్తోంది కాబట్టి నేను మానేశాను. రాయదుర్గంలో కొన్నేళ్లు జీన్సు ప్యాంట్లకు జేబులు కుట్టాను. ఊరందరి జేబులూ కుట్టి కుట్టి విసుగొచ్చి, ఒక పాత కెమెరా కొనుక్కుని కంబదూరులో చిన్న స్టూడియో తెరిచాను.

ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ కొనే తాహతు నాకు లేదు. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసే రఫీ అన్నకు ఫోటోల పిచ్చి. అతనే నా కంప్యూటర్లో ఉచితంగా దొరికేది ఒకటి వేసి ఇచ్చాడు. ఓపెన్ సోర్స్ అంటారట. ఎవరైనా వాడుకోవచ్చు, తెలిసినవాళ్లు ఎవరైనా బాగుచెయ్యొచ్చు.

"ఊరి బావి మాదిరా అన్నా?" అన్నాను.

"అవునప్పా. అయితే దీంట్లో నీళ్లుండాయి" అన్నాడు.

రా ఫైలు అంటే ఏమిటో కూడా అతనే చెప్పాడు. నాకు అర్థమైన తీరులో చెబుతాను. కెమెరా ఇచ్చే మామూలు జెపెగ్ ఫోటో సంగటి ముద్ద లాంటిది. ఉప్పు తక్కువైనా, అడుగంటినా అదే తినాలి. రా ఫైలు రాగిపిండి. ఇంకా ఏదీ ఉడకలేదు. వెలుగు, నీడ, రంగు మనమే కావలసినట్టు వండుకోవచ్చు. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో మంచి గుణం ఉంది. అసలు ఫైలును అది ముట్టుకోదు. మనం చేసిన మార్పులన్నీ పక్కన వేరే చిన్న ఫైలులో పెట్టుకుంటుంది. ఆ చిన్న ఫైలును చెరిపేస్తే ఫోటో మళ్లీ తీసినప్పటి పిండే. ఈ ముక్క గుర్తుంచుకోండి. నా కెమెరా ఒక్కసారి బటన్ నొక్కితే రెండూ దాస్తుంది, ఒక ముద్ద, ఒక పిండి.

ఇక బావ. మా అక్క సుంకమ్మను ఇచ్చిన పల్లె కంబదూరుకు దగ్గరే. బావ పేరు తిప్పేస్వామి. వాళ్లకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. కాపు మీదున్న చెట్లు. వాటికి నీళ్లిచ్చే బోరు ఎండిపోయింది. దాని చుట్టూ వేయించిన బోర్లలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ట్యాంకరు నీళ్లు ఎన్నాళ్లు పోస్తారు? ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. ఇంకో బోరులో నీళ్లు పడకపోతే తోట పోయినట్టే.

అక్క పెంచిన గొర్రెల మందలో సగం సంతకు పోయింది ఆ బోరు కోసం. మిగిలిన సగం మీద అక్క గట్టిగా నిలబడింది.

"ఇదే ఆఖరు. మిగిలిన జీవాల జోలికొస్తే నేను మా తమ్మునింటికి పోతా" అంది.

ఆ బెదిరింపుకు బావ కంటే నేనే ఎక్కువ భయపడ్డాను.

మా పక్క ఈ మధ్య ఒక అలవాటు వచ్చింది. బోరులో నీళ్లు ఎగజిమ్మిన క్షణంలో ఇంటివాళ్లంతా ఆ నీళ్ల కింద నిలబడి ఫోటో దిగుతారు. ఫ్రేము కట్టించి దేవుడి పటాల వరుసలో పెడతారు. ఆ ఫోటో తీసేవాడి చెయ్యి మంచిదై ఉండాలని ఒక నమ్మకం. నేను పోయిన కొన్ని చోట్ల నీళ్లు పడ్డాయి. పడని చోట్ల ఫోటోలు ఉండవు కాబట్టి ఆ చోట్లు ఎవరికీ గుర్తులేవు. అట్లా నాది మంచి చెయ్యి అయిపోయింది.

బావ స్టూడియోకు వచ్చి కూర్చున్నాడు. "రేయ్ సీనా, నువ్వు రాకుంటే బోరు బండిని వాపసు పంపిస్తా. నీ చెయ్యి మంచిదిరా."

"అంత మంచిదైతే మా ఇంటి కొళాయిలో నీళ్లెందుకు రావు బావా?"

"అది పంచాయితీ చెయ్యి. నీది కాదు" అన్నాడు.

పోయాను. పొద్దున్నే టెంకాయ కొట్టారు, బండి మొదలుపెట్టారు. ముందు ఎర్ర మట్టి లేచింది. తర్వాత బూడిద రంగు పొడి. తర్వాత తెల్ల పొడి. తెల్ల పొడి వచ్చిందంటే కింద బండరాయి. ఆ పొడి చూసీ చూసీ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చుట్టూ నిలబడిన మనుషులు ఒక్కొక్కరే జారుకున్నారు. బండివాళ్ల దగ్గరున్న రాడ్లన్నీ దిగిపోతున్నాయి.

అప్పుడు బావ లేచి, ఆ దుమ్ములోకి నడిచాడు. బోరు పక్కన నిలబడి నా వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు. పళ్లు కనపడుతున్నాయి. దుమ్ముకు మొహం చిట్లించాడనుకున్నాను. చెయ్యి అలవాటు చొప్పున బటన్ నొక్కింది. అంతలో బండివాడు ఇంజను ఆపేసి, లేదు అన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఏమప్పా తిప్పేస్వామీ, పెండ్లికొడుక్కి పౌడరు శానా ఎక్కువైండాది" అన్నాడు గట్టు మీద నుంచి ఒకాయన. ఇంకో రోజైతే ఆ మాట నేనే అనేవాణ్ణి. అక్క నేల మీద కూర్చుని జుట్టులో దుమ్ము దులుపుకుంటోంది. దులుపుతూనే ఉంది.

కొన్నాళ్లు కెమెరాలోని ఆ మెమరీ కార్డు జోలికి పోలేదు. తర్వాత అదే కార్డులో ఒక పెళ్లి తీశాను. ఆ పెళ్లి ఫోటోల కోసం అన్నీ కలిపి కంప్యూటర్లోకి ఎక్కించాను. పట్టపగలు. బయట ఆటోవాళ్లు అరుచుకుంటున్నారు. చెనక్కాయల్లో పుచ్చులు ఏరినట్టు, బాగున్నవాటికి నక్షత్రాలు వేస్తూ, పాడైనవి పక్కకు తోస్తూ పోతున్నాను. మధ్యలో బావ ఫోటో వచ్చింది. దుమ్ములో చేతులెత్తిన బావ.

దాని రా ఫైలు తెరిచాను. ఈ సాఫ్ట్‌వేర్‌లో రా తెరిస్తే, ముందు ఒక్క క్షణం కెమెరా వండిన బొమ్మ కనపడుతుంది. తర్వాత అది పోయి, పిండి నుంచి తాను చేసిన బొమ్మ వస్తుంది. మామూలుగా రంగు కొంచెం మారుతుంది, అంతే.

ఒక్క క్షణం దుమ్ము కనపడింది. తర్వాత నీళ్లు.

బోరు నుంచి లేచిన నీళ్లు గొడుగు విచ్చినట్టు బావ మీద పడుతున్నాయి. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మీసం కొస నుంచి చుక్క జారుతోంది. నా లెన్సు మీద కూడా చినుకుల మరకలు ఉన్నాయి. బావ నవ్వుతున్నాడు.

మొదట అనుకున్నది, ఇది వేరే ఊరి ఫోటో అని. కాదు. ఫైలు నంబరు అదే. ఎడమ పక్కన తలకు తువ్వాలు చుట్టుకున్న బండివాడు అదే మనిషి, అదే నిలబడిన తీరు. బావ కాళ్ల దగ్గర పొద్దున కొట్టిన టెంకాయ చిప్ప ఉంది. జెపెగ్‌లో ఆ చిప్ప నిండా తెల్ల పొడి. రా ఫైలులో చిప్ప నిండా నీళ్లు.

పక్కన ఉండే చిన్న ఫైలును చెరిపేశాను. మళ్లీ తెరిచాను. నీళ్లే. ఆ ఫోటోకు ముందుదీ తర్వాతదీ తెరిచాను. వాటిలో పిండీ ముద్దా రెండూ దుమ్మే. ఇది ఒక్కటే ఇట్లా.

సరే, సాక్ష్యానికి ప్రింటు తీద్దామనుకున్నాను. ప్రింటు కావాలంటే దాన్ని జెపెగ్‌గా మార్చాలి. మార్చాను. దుమ్ము వచ్చింది. ఇంకోసారి మార్చాను. మళ్లీ దుమ్ము. తెర మీద తడి, బయటికి తీస్తే పొడి. సెల్‌ఫోన్‌తో తెరను ఫోటో తీస్తే తెల్లటి మెరుపు తప్ప ఏమీ పడలేదు. అందుకే మీకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. నమ్మమని అడగడం కూడా లేదు.

పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గుంతకల్లు పోయాను. రఫీ అన్న కంప్యూటర్లో కూడా అదే. ఒక క్షణం దుమ్ము, తర్వాత నీళ్లు.

"కార్డు చెడిపోతే ఒక ఫోటోలోకి ఇంకోటి కలుస్తుందప్పా" అన్నాడు.

"మా బావ నీళ్ల కింద నిలబడిన ఫోటో ఇంకోటి ఉంటే గదన్నా కలిసేదానికి. ఆయప్ప జన్మలో నిలబడలేదు."

రఫీ అన్న మౌసు అందుకున్నాడు. తన కంప్యూటర్లో నుంచి దాన్ని తీసేసి, పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టాడు. "తీసుకొని పో సీనా. నా దగ్గర వద్దు" అన్నాడు. అన్ని విషయాలకూ జవాబున్న మనిషి. బస్టాండు దాకా వచ్చి, రైళ్ల టైముల సంగతే మాట్లాడాడు.

బావకు చెప్పాలా వద్దా అని నేను తేల్చుకోకముందే అక్క చూసింది. ఏదో కాగితానికి పాస్‌పోర్టు సైజు ఫోటో కావాలని వచ్చింది. అప్పుడు ఆ ఫోటోనే తెరిచి ఉంది, నేను తెర ఆర్పేలోపు లోపలికి వచ్చేసింది. దగ్గరికి వచ్చి, తెరకు మొహం ఆనించినంతగా వంగి చూసింది. ఎట్లా వచ్చింది, ఏమిటి అని అడగలేదు.

"నన్ను చేసుకున్న పొద్దు గూడా ఈయప్ప ఇట్ల నవ్వలా" అంది.

తెర నుంచి వెనక్కి జరిగి, "ఇది ఆయనకు చూపియ్యొద్దురా. చూసినాడంటే, ఆడ నీళ్లుండాయి, ఇంకా లోతుకు పోవాలంటాడు. ఉన్న జీవాలను గూడా తోలుకొని పోతాడు సంతకు. తోట ఎట్లా పాయ. అవన్నా ఉండనీ" అంది.

తోట నిజంగానే పోయింది. చెట్లు కొట్టి కట్టెలకు ఇచ్చేశారు. బావకు బెంగళూరులో వాచ్‌మన్ పని దొరికింది. పోయే రోజు, బస్సుకు ముందు, ఇద్దరూ స్టూడియోకు వచ్చారు. బావ సంచి అక్క చేతిలో ఉంది.

"ఆ పొద్దు బోరు కాడ ఒకటి తీసినావు గదరా. అదియ్యి" అన్నాడు బావ.

ఇవ్వగలిగింది ఒక్కటే. దుమ్ము ఫోటో ప్రింటు తీసి ఇచ్చాను. వెలుతురు కోసం గుమ్మం దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూశాడు.

"ఏమిరా సీనా, ఇట్ల ఎండుకపోయినానే దీంట్లో?"

"దుమ్ము గద బావా."

"దుమ్ము కాదురా. ఆ పొద్దు నేను తడిసినా." గొంతు తగ్గించాడు, ఎవరో నవ్వుతారన్నట్టు. "నెత్తిన పడినాయి నీళ్లు. సల్లగా. నోట్లోకి గూడా పోయినాయి, తియ్యగా ఉండాయి. అందుకే చేతులెత్తి నిన్ను పిలిచినా. కండ్లు తుడుసుకొని చూస్తే అంతా తెల్ల దుమ్మే. చెప్తే పిచ్చోడంటారని ఎవరికీ చెప్పలా. నీ కెమెరాలో ఏమన్నా పడిందా?"

అతనికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పలేదు. అక్క చెప్పలేదని ఆమె మొహమే చెప్పింది. సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. కంప్యూటరు నా చేతికి అందేంత దగ్గరలో ఉంది. బావ అడిగింది దాంట్లోనే ఉంది. ఒక్కసారి తెరిస్తే బావ బెంగళూరు బస్సు ఎక్కడు. పల్లెకు తిరిగిపోయి మంద విప్పి సంతకు తోలుతాడు.

పుట్టినప్పటి నుంచి మాటకు మాట అప్పజెప్పిన నోరు ఇది. ఆ రోజు ఒక్క జోకు కూడా తోచలేదు.

"దుమ్మే పడింది బావా" అన్నాను.

"అంతేనా" అన్నాడు. ఫోటోను తిరిగి నా బల్ల మీద పెట్టాడు. "నీ దగ్గరే పెట్టుకో. నీ చెయ్యి మంచిదని నేనే అనుకుంటి" అని నవ్వి, అక్క చేతిలో సంచి తీసుకుని బస్టాండు వైపు నడిచాడు.

బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఉంటున్నాడిప్పుడు. పొద్దున్నే పైపు పట్టుకుని కార్లు కడుగుతాడు. మొన్న ఫోనులో, "రేయ్, ఈడ కార్లకు పోసే నీళ్లతో మన తోట బతికుండేది" అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు. అక్క గొర్రెలు బాగున్నాయి, పిల్లలేశాయి. ఆ మాట చెప్పినప్పుడు అక్క కూడా నవ్వదు.

అవి ఎక్కడి నీళ్లో, ఒక్క మనిషికీ ఒక్క ఫైలుకూ మాత్రమే ఎందుకు తగిలాయో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు. చదువుకున్నవాళ్లను అడిగితే కార్డు అంటారు, ఎండదెబ్బ అంటారు. టెంకాయ చిప్పలో నీళ్ల గురించి అడిగితే మాట మార్చేస్తారు.

ఫైలు నా దగ్గరే ఉంది. చెరపడానికి చెయ్యి రాదు. అప్పుడప్పుడు తెరిచి, వెలుగు తగ్గించే మీటను కొద్దికొద్దిగా ఎడమకు లాగుతాను. ముందు బండి మాయమవుతుంది. తర్వాత చిప్ప, తర్వాత నీళ్లు. చివరిదాకా లాగినా, ఆ నల్లటి తెర మధ్యలో బావ పళ్లు మాత్రం తెల్లగా కనపడుతూనే ఉంటాయి.