అన్నయ్య నాటకంలో నేను చెప్పని మాటలు

మొన్న ఆదివారం, ఇంట్లో కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేస్తున్నాయని నేను గొణుగుతుంటే వినలేక, మా అమ్మాయి నన్ను బలవంతంగా ఒక నాటకానికి తీసుకెళ్లింది. హైదరాబాదులో ఇప్పుడు ఇలాంటి చిన్న హాళ్లు వచ్చాయట. తెర ఉండదు, మైకుండదు, నటులు మన కాళ్ల దగ్గరే నిలబడి మాట్లాడతారు. ఇద్దరు మగపిల్లలు పెళ్లి చేసుకుంటామని ఇంట్లో చెప్పడం, తల్లి అన్నం మానేయడం, మేనమామ వచ్చి కేకలెయ్యడం, ఆఖరికి ఆ ఇద్దరూ దండలు మార్చుకోవడం, అదీ కథ. నా పక్కన కూర్చున్నావిడ, నా ఈడుదే, కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం చేతులు కదల్లేదు. నాకు నచ్చలేదనుకుని మా అమ్మాయి దారంతా నచ్చజెబుతూనే వచ్చింది. నచ్చకపోవడం కాదు తల్లీ అని చెప్పడానికి కూడా నోరు రాక, కారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

గల్ఫు యుద్ధం అయిపోయి మనవాళ్లు మళ్లీ కువైట్‌కి రావడం మొదలెట్టిన రోజుల్లో నేను అక్కడ ఒక క్లినిక్కులో నర్సుగా చేరాను. నాకు వీసా సంపాదించి పెట్టింది మా అన్నయ్యే. ఆయన షుఐబాలో ఒక కాంట్రాక్టరు దగ్గర పైపుల పని చేసేవాడు, అబ్బాసియాలో మా ఫ్లాటుకి రెండు సందుల అవతల ఒక బ్యాచిలర్ రూములో ఉండేవాడు. ఆ గదిలో ఆయనతోపాటు ఉండేది రాయచోటి నుంచి వచ్చిన ఒక డ్రైవరు. మిష్రిఫ్‌లో ఒక కువైటీ కుటుంబానికి కారు తోలేవాడు. నేను ఆయన్ని రాయచోటి అన్న అని పిలిచేదాన్ని. నాకు డ్యూటీ ఉన్న పూటల్లో మా అమ్మాయిని ఎత్తుకుని తిప్పిందీ, దానికి జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ ఆయనే. మన కోనసీమ పులుసు మా అన్నయ్య కంటే ఆయనే బాగా కాచేవాడు. ఇద్దరు మగవాళ్లున్న గది అంత శుభ్రంగా ఉండడం చూసి మేము నవ్వుకునేవాళ్లం గాని, ఎందుకని ఆలోచించలేదు. అన్నయ్యకి నలభై దగ్గరపడుతున్నా పెళ్లి మాటెత్తితే తప్పించుకోవడం కూడా, గల్ఫు మనిషి కదా, కాస్త సంపాదించుకుని చేసుకుంటాడులే అనుకునేవాళ్లం.

మన వయసువాళ్లకి గుర్తుండే ఉంటుంది, టీవీలు ఇన్ని లేని కాలంలో పరాయిదేశంలో నలుగురు తెలుగువాళ్లు చేరితే నాటకం వెయ్యకుండా ఉండేవాళ్లు కాదు. ఆ ఏడు ఉగాదికి అన్నయ్య తనే ఒక నాటకం రాశాడు. పెద్దవాళ్లకి ఇష్టంలేకుండా, పెళ్లి తంతు లేకుండా ఒక జంట పరదేశంలో కాపురం ఉంటారు. పిల్ల తండ్రి వెతుక్కుంటూ వచ్చి, ఈ మనిషి నీకేమవుతాడని నిలదీస్తాడు. ఆవిడ చెప్పే జవాబుతో తెర పడుతుంది. ఆడవేషానికి ఎవరూ ముందుకి రాకపోతే అన్నయ్య నన్ను బతిమాలాడు. నా జోడీ రాయచోటి అన్న. తండ్రి వేషం మా వీధిలో కిరాణాకొట్టాయనది. అన్నయ్య పక్కన నిలబడి మాటలందించేవాడు.

శుక్రవారాలు సెలవు కాబట్టి రిహార్సల్స్ మా హాల్లోనే. రాయచోటి అన్న నాతో మాటలు చెబుతుంటే కర్రలా బిగుసుకుపోయేవాడు, అందరూ ఆటపట్టించేవాళ్లు. ఒక శుక్రవారం నాకు గొంతు పోయి మాట రాలేదు. సరే, ఈ పూటకి నేను చదువుతానని అన్నయ్య నా చోట నిలబడ్డాడు. చేతిలో కాగితాలున్నా వాటిలోకి చూడలేదు.

"మాకు మంత్రాలు చదివినవాళ్లు లేరు, బాజాలు మోగించినవాళ్లు లేరు. జ్వరమొస్తే నా నుదుటిమీద చెయ్యేసింది ఈయనే. నేనీయన్ని విడిచి రాను నాన్నా."

అంతవరకూ కర్రలా ఉన్న రాయచోటి అన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అన్నయ్య చెప్పాల్సిన మాటలు అయిపోయినా ఆయన మీంచి చూపు తిప్పలేదు. కిరాణాకొట్టాయన, ఇదేమిటయ్యా, హీరోయిన్ మారితేగాని నీకు నటన రాలేదా అని పకపకా నవ్వాడు, అందరూ నవ్వారు. నేనూ, మావారూ నవ్వలేదు.

అందరూ వెళ్లాక మావారు తలుపు గడియ పెట్టి, అది నాటకంలా లేదు అన్నారు. తరవాత, ఎవరికైనా అనుమానం వస్తే వీసా ఇచ్చిన కఫీల్ ఇద్దరినీ విమానం ఎక్కించేస్తాడు, అంతకంటే ఘోరం కూడా జరగొచ్చు, మనల్ని ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితాల మాటేమిటి, ఊళ్లో మీ అమ్మకి ఏం చెబుతావు అన్నారు. ఆ భయం అబద్ధం కాదు. ఆ దేశంలో అది నిజంగా ప్రమాదమే. కాని ఇన్నేళ్లయ్యాక నన్ను నేనే అడిగి చూసుకుంటే, నేను భయపడింది వాళ్లకోసం ఎంత, నలుగురిలో నా తలవంపుల కోసం ఎంత అన్నది తేలదు. తేల్చుకోవడానికి ధైర్యం లేక ఇటీవల అలా అడగడం కూడా మానేశాను.

నాటకం రోజున హాలు నిండిపోయింది. ఆఖరి రంగంలో కిరాణాకొట్టాయన నా చెయ్యి పట్టుకుని, ఈ మనిషి నీకేమవుతాడే అని గద్దించాడు. తెరచాటు నుంచి అన్నయ్య నా మాట మెల్లగా అందించాడు. నేను మరిచిపోయాననుకుని మళ్లీ అందించాడు. నేను మరిచిపోలేదు. కిరాణాకొట్టాయన కాళ్లమీద పడి, "తప్పయిపోయింది నాన్నా, నన్ను మనింటికి తీసుకుపో" అన్నాను. ఆయన గడుసు మనిషి, తడబడకుండా నన్ను లేపి గుండెలకి హత్తుకున్నాడు. తెర పడింది. ఆడవాళ్లు ఏడ్చారు, మగవాళ్లు ఈలలు వేశారు. మన కుటుంబాల విలువ నిలబెట్టావమ్మా అని ఎవరో పెద్దాయన నాకు శాలువా కప్పారు. ఆ శాలువాతోనే నేను తెర వెనక్కి వెళ్లాను.

అన్నయ్య కాగితాలు మడతపెట్టుకుంటున్నాడు. "బాగా చేసేవే. అందరూ చప్పట్లు కొట్టేరు" అన్నాడు, అంతే. మీసాలకి రాసుకున్న రంగు తుడుచుకుంటున్న రాయచోటి అన్న ఒక్కసారి నావంక చూసి, "నీళ్లు తాగు మా" అని గ్లాసు అందించాడు. తిట్టినా బాగుండేది.

నెల తిరక్కుండా రాయచోటి అన్న మిష్రిఫ్‌లో యజమానుల ఇంట్లోనే డ్రైవరు గదికి మారిపోయాడు. సామాను మోసుకెళ్లిన రోజున వాళ్ల గది మెట్లమీద ఎదురుపడితే, ఎందుకన్నా అని అడిగాను, ఎందుకో తెలిసి కూడా. ఆయన మెట్టుమీద పెట్టె దింపి, "ఆ మాటలు నువ్వు జనం ముందర అంటే, ఇంటికాడ అమ్మకి చెప్పేదానికి తోడు నిలబడతావని మీ అన్న అనుకున్న్యాడు. నువ్వే అనలేనప్పుడు ఇంకెవరంటారు మా? పోనీలే" అన్నాడు. అన్నయ్య ఆ ఏడాదే అమ్మ చూసిన సంబంధం ఒప్పుకున్నాడు.

వదిన మంచి మనిషి. అన్నయ్య ఆమెని ఒక్క మాట అనలేదు, ఏ లోటూ చెయ్యలేదు, అంతకుమించి ఏమీ లేదు. ఆవిడకి నాటకాలంటే ప్రాణం, పక్కింటివాళ్లతో కలిసి వెళ్లేది. మీ అన్నయ్యకి నాటకమంటే ఎందుకు వదినా అంత విముఖత అని ఒకసారి నన్నడిగింది. తెలియదన్నాను. ఆవిడ పోయి మూడేళ్లయింది. నేను పాడుచేసింది ఇద్దరి బతుకులే అనుకునేదాన్ని, ఆవిడదీ లెక్కలోకి వస్తుందని చాలా ఆలస్యంగా తోచింది.

అన్నయ్య ఊరికి వెళ్లిపోయిన చాలా ఏళ్లకి, నేను కువైట్ వదిలి వచ్చేసే ముందు, సామాన్లు కొనడానికి అబ్బాసియాలో ఒక దుకాణానికి వెళితే రాయచోటి అన్న కనిపించాడు. నన్ను ఆయనే ముందు గుర్తుపట్టాడు. మా అమ్మాయి ఎంత పెద్దదైందని అడిగాడు. ఆఖర్న, "అన్న బాగుండాడా? నేను అడిగితినని చెప్పు మా" అన్నాడు. చెబుతానన్నాను. అప్పటికి వదిన ఉంది, చెప్పలేదు. వదిన పోయాక కూడా చాలాకాలం చెప్పలేదు.

నాటకం చూసి వచ్చిన మర్నాడే రైలెక్కి అన్నయ్య దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, రాయచోటి అన్న నిన్ను అడిగాడని చెప్పమన్నాడన్నయ్యా, ఏళ్లయింది, నేను చెప్పలేదు అన్నాను. అన్నయ్య విసనకర్ర ఆపాడు.

"జుట్టు నెరిసిందా?" అన్నాడు.

పూర్తిగా నెరిసిందన్నాను.

"రంగేసుకోడు. ఇష్టం ఉండదు" అన్నాడు. మళ్లీ విసనకర్ర అందుకుని, "ఫోన్ నంబరేమైనా ఇచ్చేడా?" అన్నాడు.

ఇవ్వలేదన్నాను. నిజమే, ఇవ్వలేదు. ఇద్దామని ఆయన జేబులోంచి ఫోను తీస్తుంటే, బస్సు వచ్చేస్తోందని గబగబా దుకాణం దిగిపోయింది నేను.

ఇప్పటి పిల్లలు ఆ మాటలు ఎవరూ అందించకుండానే, జనం మొహంలోకి చూసి అనేస్తున్నారు. మన ఈడు ఆడవాళ్లు కూర్చుని విని కంటతడి పెడుతున్నారు. కాలం మారింది, సంతోషమే, నా మనవల కాలంలో ఎవరూ ఎవరి కాళ్లమీదా పడనవసరం లేదు. మా అన్నయ్యకి డెబ్బై దాటాయి. ఆ రోజు హాల్లో నన్ను మెచ్చుకున్నవాళ్లలో సగంమంది ఈపాటికి తమ మనసు మార్చుకునే ఉంటారు. ఆ సంగతి వెళ్లి చెప్పడానికి మిష్రిఫ్‌లో ఏ ఇంటి తలుపు తట్టాలో మాత్రం మా ఇద్దరికీ తెలియదు.