పరాసు వంట పుస్తకాల పంపకం

కుంఫిణీ దొరతనం కోయంబత్తూరు సీమలో కుదురుకుంటున్న రోజుల్లో, అరవవాళ్ళు మాసి అనే మాఘ మాసంలో, నన్ను మదుర నుంచి అక్కడి ఒక సబ్ కలెక్టరు కచేరీకి తర్జుమా గుమాస్తాగా మార్చారు. రైతులు అరవంలోనో తెలుగులోనో రాసిచ్చిన అర్జీలను ఇంగ్లీషులోకి దించడం, దొరగారి హుకుములను తిరిగి మన భాషల్లోకి తేవడం నా పని. ప్రతి తర్జుమా కింద “ఏదీ కలపలేదు, ఏదీ వదలలేదు” అని రాసి చేవ్రాలు చేయాలి. నా పైన హెడ్ తర్జుమాదారు ఉండేవారు. ఆయన పైన శిరస్తాదారు. మనవాళ్ళకు ఆ కచేరీలో దక్కే పదవుల్లో అదే ఆఖరి మెట్టు, ఆపైన అంతా దొరలే.

హెడ్ తర్జుమాదారుకు చూపు మందగించింది. ఆయన కుర్చీ మీద నాకు కన్నుండేదని దాచడం ఎందుకు? తక్కిన గుమాస్తాలకు లేనిది నాకొకటి ఉంది. మా నాయన పుదుచ్చేరిలో బట్టల వర్తకులకు దుబాసీ కావడం వల్ల నాకు ఫ్రెంచి వచ్చు. ఫ్రెంచివాళ్ళను మేము పరాసులనేవాళ్ళం. కోయంబత్తూరు సీమలో ఆ భాషతో ఎవరికీ పని పడలేదు. పడాలని నేను రెండేళ్ళు ఎదురుచూశాను. చివరికి పడింది, అదీ వంటింట్లో.

ఏటా జమాబందికి, అంటే భూముల లెక్కలు సరిచూడడానికి, దొర డేరాలు వేసుకుని ఊరూరా తిరుగుతాడు. ఆ యేడు దొరసాని కూడా వెంట వచ్చింది. నల్లరేగడి ఊళ్ళలో మూడు తెలుగు రైతు కుటుంబాలు ఆమెకు భోజనం పంపించాయి. తాతముత్తాతల నాడే వచ్చి స్థిరపడిన ఇళ్ళు అవి. తిండి ఆమెకు నచ్చింది. ఆ మూడిళ్ళలో వండిన ఆడవాళ్ళకు ఏదైనా కానుక ఇవ్వాలనుకుంది. పుదుచ్చేరిలో ఎవరో వర్తకుడి సామాను వేలం వేసినప్పుడు ఆమె మూడు పరాసు వంట పుస్తకాలు కొన్నది. అవే ఇద్దామంది. ఆమెకు పరాసు భాష రాదు. ఆ మూడిళ్ళలోని ఆడవాళ్ళకు ఏ భాషా చదవడం రాదు. ఈ సంగతి నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఏ ఇంటికి ఏ పుస్తకమో తేల్చడానికి డేరాలో సభ కూడింది. ఎక్కువ భూమి ఉన్న ఇంటికి ఎక్కువ లావు పుస్తకం వెళ్ళాలని దొర అన్నాడు. బొమ్మలున్నది దూరపు ఊరికి పంపమంది దొరసాని, వాళ్ళకు తోచుబాటుగా ఉంటుందట. శిరస్తాదారు నల్ల అట్టది ముత్తయిదువల ఇంటికి పంపకూడదని శాస్త్రం చెప్పాడు. నేను వాళ్ళందరికంటే తెలివైనవాణ్ణి కాబట్టి మూడింటిలోనూ భాష గంభీరంగా ఉన్న పుస్తకాన్ని తీసి, దాని పీఠికలోంచి అరపుట గడగడా చదివి వినిపించాను. దొర తల ఊపాడు. ఆ పుస్తకం అన్నూరు దగ్గరి ఇంటికి నిర్ణయమైంది. పొయ్యి రాజేయడం కూడా చేతకాని నలుగురం కలిసి ముగ్గురు వంట మనుషులకు పుస్తకాలు ఎంచిపెట్టాం.

అవినాశి పక్కనున్న ఇంట్లో లావు పుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టి కుంకుమ బొట్టు పెట్టారు. రెండో ఇంట్లో బొమ్మల పుస్తకాన్ని చింతపండు కుండ మీద బరువుగా పెట్టారు. ఆ రెండూ సద్వినియోగమైనట్టే లెక్క. చిక్కంతా మూడోదానితోనే వచ్చింది.

అన్నూరు ఇంటి వంట రంగమ్మ చేతిలో ఉండేది. అరవై దాటిన విధవరాలు. ఇంటివాళ్ళూ పొలం పనివాళ్ళూ కలిసి రోజూ నలభై మందికి వండించేది. తాను మాంసం ముట్టదు, కానీ ఆవిరి వాసన పట్టి కూరలో ఉప్పు చాలిందో లేదో చెప్పేది. నేను బంట్రోతును వెంటబెట్టుకుని పుస్తకం తీసుకెళ్ళేసరికి చేతులు కడుక్కుని వచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

“దీంట్లో ఏముండాది, రాయసమప్పా?”

“వంటలవ్వా. పరాసు దేశపు వంటలు.”

“మన వంట నల్లా లేదనా ఇచ్చిరి?”

“బాగుందనే ఇచ్చారవ్వా.”

“బాగుంటే ఇంకోటి నేర్చుకోమని ఏంటికి చెప్తారు?”

చదివి వినిపిస్తానంటూ పుస్తకం తెరిచాను. మొదటి పుటలోనే లేగదూడ మోకాలి ఎముక ఉడకబెట్టమని ఉంది. దాన్ని దాటేశాను. రెండో పుటలో సారాయి, మూడో పుటలో మళ్ళీ దూడ. రెండేసి మాటలు చెబుతూ పుటలు తిప్పేస్తుంటే రంగమ్మ వేలు తెచ్చి పుట మీద పెట్టింది.

“నిల్లు. ఈ పక్కంతా చీమలు బారు కట్టినట్ల రాత ఉండాది. నువ్వు రెండు మాటల్లో ముగిస్తివి. మిగతాది యాడికి పోయె?”

చెప్పక తప్పలేదు. దూడ మాంసం అన్న మాట నా నోట్లోంచి రాగానే ఆమె పెద్ద కొడుకు లేచి నిలబడ్డాడు.

“దాన్ని తూకి బయట పారెయ్ అమ్మా!”

“ఉండరా. వాళ్ళు తినేది వాళ్ళు రాసుకొనిరి, దాంట్లో తప్పేముండాది?” అని ఆమె నా వైపు తిరిగింది. “నీకు తెలిసే తెస్తివా అప్పా?”

తెలుసన్నాను. ఆమె పుస్తకం మూసి నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను దాన్ని అక్కడే వదిలి వచ్చేశాను.

నెల తిరక్కుండానే డేరా మళ్ళీ అన్నూరు వైపు వస్తుందని తాఖీదు వచ్చింది. తాను ఇచ్చిన పుస్తకంలోని వంట ఒకటి రంగమ్మ చేతి మీదుగా తినాలని దొరసాని కోరింది. ఈ కబురు నాకు చెబుతూ శిరస్తాదారు నవ్వాడు. హెడ్ తర్జుమాదారు కుర్చీకి అతను తన మేనల్లుణ్ణి అనుకుంటున్నాడు. రంగమ్మ కాదంటే దొరసాని చిన్నబుచ్చుకుంటుంది, పుస్తకం ఎంచిన నాకు హెడ్ తర్జుమాదారు పని దక్కదు. పరుగున అన్నూరు వెళ్ళి సంగతంతా చెప్పుకున్నాను.

“చేస్తా. నాకు చేతగాదనుకొంటివా?” అంది రంగమ్మ. “ఒగటి మాత్రం. ఈ తూరి విడవకుండా చదవాల.”

అలాగే చదివాను. దూడా సారాయీ లేని వంట ఒకటి దొరికింది. కోడి ముక్కలను ఉల్లిపాయలతో వెన్నలో మగ్గనిచ్చి, పైన గోధుమ పిండి చల్లి, నీళ్ళు పోసి ఉడికించి, దించాక గుడ్డు పచ్చసొనలో నిమ్మరసం గిలకొట్టి కలపాలి. మిరపకాయ పడకూడదు. మొదటిసారి వేడి మీదే సొన పోసేసరికి అది విరిగి గుడ్డు కూరైంది. కోడళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. రెండోసారి పిండి ఉండకట్టింది. ప్రతిసారీ నన్ను మళ్ళీ చదివించింది, నిప్పు ఎంతుండాలో పుస్తకంలో లేదంటే రాసినవాణ్ణి తిట్టింది. మూడోసారి పులుసు మీగడలా దిగింది. నేను తిన్నాను. చిన్నప్పుడు పుదుచ్చేరిలో మా నాయన వెంట ఒక వర్తకుడి ఇంట తిన్న రుచి అచ్చంగా అదే. ఆ మాట చెబితే ఆమె ముఖం వెలిగింది.

దొరసాని వచ్చిన రోజు తెల్లటి కోడి పులుసు ఆమె ముందు పెట్టారు. బంట్రోతులకని మిరపకారం దట్టించి వండిన ఎర్రటి నాటుకోడి పులుసు, కొళంబు, పక్కన ఉంటే అదీ కొంచెం వడ్డించమంది. ముందు తెల్లది నోట్లో పెట్టుకుంది. పథ్యం కూరేమో, జబ్బుపడినవాళ్ళకు ఇక్కడివాళ్ళు పెట్టేది ఇదేనా అని దొరను అడిగి గిన్నె పక్కకు జరిపింది. ఎర్రది తింటూ కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూ, పరాసు వంట అంటే ఇదీ అంది. పుస్తకం ఎంత మేలు చేసిందో చూడమని దొరతో అంటూ మళ్ళీ పెట్టించుకుంది. తాను మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నానన్నాడు దొర. ఘాటు చూస్తేనే తెలిసిపోతోందని శిరస్తాదారు బలపరిచాడు. ఈ విషయంలో నిజం తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

తలుపు చాటునుంచి రంగమ్మ అడిగింది. “ఏమంటుండారు అప్పా?”

“రెండూ బాగున్నాయన్నారవ్వా.”

“ఎర్రది రెండు తూర్లు పెట్టించుకొనె. తెల్లది పక్కకి తోసె. నాకు కండ్లు లేవా?”

దొరసానిని దిద్దడానికి ఒక్క వాక్యం చాలు, ఆ వాక్యం నాకు నాలుగు భాషల్లో వచ్చు. దొర ఆజ్ఞ మీద ముకాం దినచర్యలో ఇంగ్లీషులో రాశాను. పుస్తకాన్ని అనుసరించి పరాసు వంట చేశారనీ, అది సంపూర్ణంగా సఫలమైందనీ. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదని ఆ దినమంతా నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

మూడు నెలలకు హెడ్ తర్జుమాదారు కుర్చీ నాకు వచ్చింది. ఉత్తర్వులో నా ఫ్రెంచి పాండిత్యాన్ని మెచ్చుకున్నారు.

ఆ తరువాత అన్నూరు మీదుగా వెళుతూ రంగమ్మ ఇంట ఆగి జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమెకు వేరే దిగులు పట్టింది.

“ఆ పొద్దే చెప్పాల్సింది కదా అప్పా. పాపం, ఆమె తప్పు నేర్చుకొని పోయె. వాళ్ళ ఊర్లో నలుగుర్ని పిలిచి మన కొళంబు పెట్టి పరాసుదంటే ఏమవుతాది?”

ఆ పూట నాచేత తక్కిన పుస్తకమంతా చదివించింది. ఎముక లేకుండా రుచి తేవడం రాదా ఆ రాసిన మనిషికి అని మధ్యలో రెండుసార్లు అడిగింది. మొత్తం మీద ఆమెకు పనికొచ్చినవి సొనతో పులుసు చిక్కబరచడం, ఉల్లిపాయ మాడకుండా వెన్నలో నిదానంగా మగ్గించడం. కొడుకుకు జ్వరం తగ్గాక ఆ తెల్ల పులుసే పెడుతున్నానని చెప్పింది. ఆ ఒక్క విషయంలో దొరసాని మాట నిజమైనట్టే.

మరుసటి యేడు దొరసాని మరో ఆరు పరాసు పుస్తకాలు తెప్పించింది. మొదటి విడత అంత బాగా జరిగింది కదా. ఎంపిక అంతా నాకే అప్పగించారు. ఈసారి నేను యాదాస్తు రాసి పెట్టాను. ఆ ఇళ్ళలో వండేదెవరు, తిననిదేమిటి, పుస్తకం చదివి చెప్పేదెవరు అని ముందుగా విచారించాలని కోరాను. అలాంటి ఆనవాయితీ లేదని శిరస్తాదారు దాన్ని తిప్పి పంపాడు. నేను పట్టుబట్టలేదు. ఆరు పుస్తకాలూ అట్టల రంగును బట్టి ఆరిళ్ళకు వెళ్ళాయి.

వంట చేసే మనిషికి పుస్తకం కానుకగా ఇచ్చేటప్పుడు అట్టా, లావూ, భాషా గాంభీర్యమూ చూసి లాభం లేదు. ముందు ఆ వంటింటికి వెళ్ళి, ఆమె ఏం వండుతుందో, ఏం వండదో అడగాలి. చదివి వినిపించేవాడు ఎవడో కూడా కనుక్కోవాలి. వాడు నావంటివాడైతే పుస్తకం ఇవ్వకపోవడమే మేలు.