అన్నకు ముందుగా తీర్చిన అప్పు

టొలీడోలో వెల్డింగ్ పనిచేసే రాండల్ నోవిస్కీ దివాలా దరఖాస్తు కోసం వెళ్తే, ఈ ఏడాది ఎవరికెంత కట్టావని లాయరమ్మ అడిగింది. క్రెడిట్ కార్డులవాళ్ళకూ ఆసుపత్రికీ చిల్లిగవ్వ విదల్చలేదు గానీ, మార్చిలో ట్యాక్సు రీఫండు రాగానే అన్న స్టాన్‌కు నాలుగు వేల డాలర్లు తీర్చేశానని గర్వంగా చెప్పాడు.

"అదే కొంప ముంచింది. సొంతవాళ్ళకు ముందు తీరిస్తే కోర్టు ఒప్పుకోదు. ఆ డబ్బు మీ అన్న దగ్గర వసూలు చేసి అప్పులవాళ్ళందరికీ పంచుతుంది."

ఆ సాయంత్రం గ్యారేజీలో ఈ మాట వినగానే స్టాన్ చేతిలోని రెంచితో తమ్ముడి దవడ పగలగొట్టాడు. కింద పడ్డవాణ్ణి బూటుకాలితో డొక్కలో తన్నాడు.

"నా డబ్బు నాకిచ్చి, కోర్టు చేత నా జేబు కొట్టిస్తావురా?"

రెండు పళ్ళు నూనె మరకల్లో రాలాయి.

మర్నాడు లాయరమ్మ ముందుపెట్టిన అప్పులవాళ్ళ జాబితా చివర స్టాన్ పేరు కనబడింది.

"వీడెందుకు మేడమ్?"

"ఆయన ఆ డబ్బు కోర్టుకు కట్టాక మీరు ఆయనకు మళ్ళీ బాకీయే. దాన్నీ కోర్టు కొట్టేస్తుంది, మీరు కట్టక్కర్లేదు. ఆయనకు నోటీసు పోస్టులో వెళ్తుంది."

రాండల్ నెత్తురు ఉమ్మి సంతకం పెట్టాడు.

"పోస్టెందుకు, నేనే పట్టుకెళ్తా," అన్నాడు, కోటు జేబులో బరువుగా వేలాడుతున్న తన సొంత రెంచిని తడుముకుంటూ.